నోటుబుక్కులు అప్పుడే తూకానికి వేయకండి

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వేసవిలో ఒక సాయంత్రం మన బజారులో మిరపకాయ బజ్జీలు కట్టించుకున్నాను. ఇంటికెళ్లి పొట్లం విప్పితే నూనె మరకల మధ్య ఎర్ర సిరాతో మన సైన్స్ టీచర్ సంతకం! ఎవరిదో ఎనిమిదో తరగతి నోటుబుక్కులో పేజీ. ఉల్లిపొర కణాల బొమ్మ ఎంతో ఓపిగ్గా గీసి ఉంది, దాని మీద బజ్జీ ఆకారంలో మరక.

ఏప్రిల్ చివర్లో పాత పేపర్లు కొనే అతను వీధిలోకి రాగానే ఏడాది నోటుబుక్కులన్నీ కిలోల లెక్కన వెళ్లిపోతాయి. మా ఇంట్లోనూ ఏళ్ల తరబడి అదే జరిగింది, అందుకని ఎవరినీ తప్పుపట్టడం లేదు. ఈసారి మాత్రం పరీక్షలు అయ్యేదాకా ఆగండి. పిల్లలకు వాటితో పని ఉంది.

ఆ పని పేరు పోర్ట్‌ఫోలియో. పిల్లలు 'నా ఫైలు' అంటారు, నాకూ అదే బాగుంది. జూన్ నుంచి రాసినవి, గీసినవి, చేసినవి అన్నీ ముందేసుకుని, వాటిలోంచి ఎనిమిదో పదో వాళ్లే ఏరుకుంటారు. ఒక్కోదానికి 'ఇది ఎందుకు పెట్టాను' అని చిన్న చీటీ రాసి అంటిస్తారు. ఎస్‌ఏ-2, అంటే ఏడాది చివరి పరీక్షల్లో, చివరి పేపర్ అయిన మర్నాటి నుంచి మూడు రోజులు, ఒక్కో కుటుంబానికి పావుగంట చొప్పున, ఆ ఫైలు మీ ముందు పెట్టి వాళ్లే మాట్లాడతారు. క్లాస్ టీచర్ పక్కనే కూర్చుంటారు గానీ, అడిగితే తప్ప నోరు విప్పరు.

మీలో చాలామంది అడగబోయే మొదటి ప్రశ్న నాకు తెలుసు. మార్కులెన్ని? లేవు. ఎఫ్‌ఏలలో, అంటే ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షల్లో, ప్రాజెక్టు పనికీ, పిల్లల స్పందనలకూ మార్కులు ఎలాగూ వేస్తున్నాం. సీబీఎస్ఈ బడుల్లో తొమ్మిది, పది తరగతులకు ఇంటర్నల్ 20 మార్కుల్లో 5 పోర్ట్‌ఫోలియోకే ఉన్నాయి, నిజమే. మన మిడిల్ స్కూల్లో ఆ లెక్క వద్దనుకున్నాం. ప్రోగ్రెస్ కార్డులో టీచర్ వేసే అంచనాతో పాటు పిల్లలు తమ గురించి తాము వేసుకునే అంచనా కూడా ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. మేం పట్టుకున్నది ఆ ఒక్క ముక్కనే.

మార్కులు పెడితే ఏమవుతుందో మొదటి ఏడాదే చూశాం. నీట్‌నెస్‌కి పది మార్కులు అన్నాం. అంతే, బంగారు రంగు కాగితాలు, థర్మాకోల్, గ్లిట్టర్, డీటీపీ చేయించిన అట్టలు. కొందరు అమ్మలు అర్ధరాత్రి దాకా కూర్చుని కత్తిరించారు. ఒకావిడ నవ్వుతూనే "మేడమ్, ఇంతకీ నాకెన్ని వచ్చాయి?" అని అడిగింది. ఆ ఏడాది ఏ ఫైలు తెరిచినా పిల్లలు కనిపించలేదు. తప్పు మాదే.

రెండో ఏడాది మార్కులు తీసేశాం. అప్పుడు ఇంకో సంగతి బయటపడింది. చెప్పుకోవడానికి కాస్త నామోషీగానే ఉంది, అయినా చెబుతాను. "మీకు నచ్చిన పేజీ ఏరుకోండి" అంటే సోషల్ నోటుబుక్కు ముందు పిల్లలు దిక్కులు చూశారు. ఒక సెక్షన్ నోటుబుక్కులన్నీ తెప్పించుకుని నా టేబుల్ మీద పరిచాను. ఏది తెరిచినా అవే ప్రశ్నలు, అవే జవాబులు, కామాలతో సహా. బోర్డు మీద రాసింది దించుకున్నారు, మేం టిక్కు పెట్టాం. అందరిదీ ఒకటే అయినప్పుడు 'నాది' అని ఏది ఏరుకుంటారు? ఆ రోజు స్టాఫ్ రూంలో చాలాసేపు ఎవరం ఏమీ మాట్లాడలేదు.

ఈ ఏడాది జూన్ నుంచి ప్రతి సబ్జెక్టులో నెలకు ఒక్కటైనా జవాబు బోర్డు మీద లేని పని ఇస్తున్నది అందుకే. మీ వీధిలో నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో మ్యాప్ గీయమన్నాం. ఇంట్లో పెద్దవాళ్లను చిన్ననాటి బడి గురించి అడిగి రాయమన్నాం. "ఇదేం హోంవర్క్ మేడమ్, గైడులో లేదు" అని ఫోన్ చేసినవాళ్లకు అప్పుడు సరైన జవాబు ఇవ్వలేకపోయాను. ఇప్పుడు ఇస్తున్నాను.

పోయినేడాది నాకు బాగా గుర్తుండిపోయిన పేజీ ఒకటి చెబుతాను. ఏడో తరగతి అబ్బాయి ఆగస్టులో పసుపు కాగితం ప్రయోగం చేశాడు. కాగితానికి పసుపు ముద్ద పూసి, ఆరబెట్టి, ముక్కలు చేసి, ఒకదాని మీద నిమ్మరసం, ఒకదాని మీద చింతపండు పులుసు, ఇంకోదాని మీద మజ్జిగ చుక్క వేశాడు. ఏదీ రంగు మారలేదు. కింద "నా కాగితం పని చేయలేదు" అని రాసి, రెండు గీతలు కొట్టి వదిలేశాడు. తర్వాత మందార పూల నీళ్లతో చేసినప్పుడు నిమ్మరసానికి ముదురు గులాబీ రంగు వచ్చింది. అప్పుడు పాత పేజీ గుర్తొచ్చిందట. ఫైల్లో దానికి అంటించిన చీటీలో ఇలా ఉంది: "అప్పుడు కాగితం పాడైంది అనుకున్నాను. పసుపు పులుపుకి మారదు. నేను మూడూ పులుపువే వేశాను. సబ్బునీళ్లు వేయాల్సింది."

వాళ్ల నాన్నకు ఆ పేజీ నచ్చలేదు. కొట్టివేతలు, మరకలు. "మంచి పేజీలు ఇన్ని ఉంటే ఇదెందుకు పెట్టావురా, తీసెయ్" అన్నారు. పక్కనే ఉన్న అమ్మ మాత్రం కాగితం చేతిలోకి తీసుకుని, "అందుకేనా, కూర మరక పడ్డ చొక్కాకి సబ్బు పెట్టగానే ఎర్రగా అవుతుంది?" అంది. ఆ అబ్బాయి ముఖం చూడాల్సింది. తర్వాత పది నిమిషాలూ తల్లీ కొడుకులు సబ్బు గురించే మాట్లాడుకున్నారు, ఫైల్లో మిగతావి చూడనే లేదు. నాకేం అభ్యంతరం లేదు.

అందుకని ప్రతి ఫైల్లో తప్పు పోయి తర్వాత దిద్దుకున్నది ఒక్కటైనా ఉండాలన్నాం. పాతదీ కొత్తదీ పక్కపక్కన. దయచేసి వాటిని చింపించకండి, ఫెయిర్ కాపీ రాయించకండి. నలుగురితో కలిసి చేసినది ఒకటి, క్లాసు గది బయట నేర్చుకున్నది ఒకటి కూడా ఉండాలి. మిగతావి వాళ్ల ఇష్టం. మట్టి బొమ్మలు, మొక్కల పెంపకం లాంటివి ఫైల్లో పట్టవు కాబట్టి ఫోన్లో ఫోటో తీసి జిరాక్స్ షాపులో నలుపు తెలుపు ప్రింటు తీయిస్తే చాలు. అట్ట ఫైలు బడే ఇస్తుంది, ఏమీ కొనొద్దు.

చీటీల సంగతి కూడా చెప్పాలి. పోయినేడాది కొన్ని చీటీలు ఫోన్లో ఏఐని అడిగి రాయించుకొచ్చారు. "ఈ విద్యా సంవత్సరంలో నా అభ్యసన ప్రయాణం ఎంతో స్ఫూర్తిదాయకంగా సాగింది" అని ఆరో తరగతి పిల్ల రాస్తుందా, మీరే చెప్పండి! "లెక్క రాలేదు, అక్క చెప్పింది, వచ్చింది" అని రాస్తే మాకు అది చాలు. ఈసారి చీటీలు బడిలోనే, శుక్రవారం చివరి పీరియడ్‌లో రాయిస్తున్నాం.

ఏ భాషలో మాట్లాడాలన్నది కూడా పిల్లల ఇష్టమే. ఇంగ్లిష్ మీడియం ఫీజు కట్టి తెలుగులో చెప్పించడమేంటని ఇద్దరు ముగ్గురు అడిగారు. మీ పిల్లలు భిన్నాలు మీకు ఎలా అర్థమయ్యేలా చెబుతారో అదే మేం చూడాలనుకుంటున్నాం. ఇంగ్లిష్‌లో బట్టీ పట్టిన నాలుగు వాక్యాలు వార్షికోత్సవంలో ఎటూ వింటారు. ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలు ఉర్దూలో చెప్పొచ్చు.

అమ్మానాన్నలకు కుదరకపోతే ఇంట్లో ఎవరొచ్చినా సరే. పోయినేడాది ఒక అమ్మాయి కోసం నానమ్మ వచ్చింది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పుస్తకాల సంచి లేని పది రోజులు ఉండాలని, అప్పుడు ఊళ్లో చేతిపనులు చేసేవాళ్ల దగ్గర పని చూడాలని ఆ జాతీయ విద్యా విధానంలోనే ఉంది కదా. మన ఆరో తరగతి వాళ్లను టైలర్ షాపుకు తీసుకెళ్లాం. ఆ అమ్మాయి కొలతల పట్టిక రాసుకొచ్చింది, టీచర్ టిక్కు పెట్టారు, నేనూ చూశాను. నానమ్మ ఒకప్పుడు జాకెట్లు కుట్టిన మనిషి. చదివి వినిపించమని, మధ్యలో ఆపింది. "నడుము 36 సెంటీమీటర్లా? అది మనిషా, మరచెంబా?" నిజమే, టేపులో ఒకవైపు అంగుళాలు, రెండోవైపు సెంటీమీటర్లు. పిల్ల అంగుళాల వైపు చూసి సెంటీమీటర్లని రాసింది. అక్కడే పెన్సిల్ తీసుకుని 36ని 2.54తో హెచ్చవేసి, 91 సెంటీమీటర్లు దాటిందని దిద్దుకుంది. ఇద్దరు టీచర్ల కళ్లు దాటిపోయిన తప్పు అది.

మీరూ అలాగే అడగండి. ఇది ఎందుకు పెట్టావు, ఎక్కడ కష్టమైంది, మళ్లీ చేయమంటే ఏం మారుస్తావు. జవాబు రావడానికి కాస్త టైం పడుతుంది, ఆ మౌనంలో మీరు అందించకండి. పక్క సెక్షన్ పిల్లల ఫైలు ఎలా ఉందో ఆ పావుగంటలో అడగొద్దు. ఇంట్లో రిహార్సల్స్ వద్దు, పిల్లలకు టెన్షన్ తప్ప ఇంకేం రాదు. ఒంటిపూట బడులు కదా అని మధ్యాహ్నాలు దీనికోసం కూర్చోబెట్టకండి, నిద్రపోనివ్వండి, ఆడుకోనివ్వండి.

మీ టైం ఏ రోజు, ఏ గంటకో డైరీలో అంటించి పంపుతాం. బడి టైం 8 నుంచి 12:30 వరకే అయినా, డ్యూటీలకు వెళ్లేవాళ్ల కోసం రెండో రోజు సాయంత్రం 7 దాకా ఉంటాం. తమ్ముళ్లను, చెల్లెళ్లను తీసుకురావచ్చు, వరండాలో నీళ్లూ మజ్జిగా ఉంటాయి.

ఎస్‌ఏ-1 (అర్ధ సంవత్సర పరీక్షలు) అప్పుడే నోటుబుక్కులు తూకానికి వేసేసి ఉంటే కంగారు పడకండి, పిల్లలను తిట్టకండి. ఎఫ్‌ఏ పేపర్లు, ప్రాజెక్టులు నా గది బీరువాలో తరగతివారీగా కట్టలు కట్టి ఉన్నాయి. మీ పిల్లల చేత చెప్పి పంపితే వాళ్ల కట్ట తీసి పెడతాను.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు