కుంపటిని క్యాబిన్‌లోకి తీసుకెళ్లకండి

సంపాదకుల గారికి,

చలి ముదిరింది. ఆదిలాబాద్‌లో ఎంతకు పడిపోయిందో మీ పత్రికలో రోజూ వస్తోంది. ఆ చలిలో రోడ్డు పక్కన ఆపిన లారీల్లో పడుకునేవారి సంగతి మాత్రం ఎవరూ రాయడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

మాది దామరచర్ల మండలం. సొంత లారీ, నేనే నడుపుతాను. వాడపల్లి సిమెంటు, మిర్యాలగూడ మిల్లుల బియ్యం, కాలాన్ని బట్టి బత్తాయి, ఏ లోడు దొరికితే అది వేసుకుని 44వ నంబరు జాతీయ రహదారి మీద నాగ్‌పూర్ దాకా, ఒక్కోసారి ఢిల్లీ దాకా పోతాను. చలికాలం వచ్చిందంటే చాలు, ఏదో ఒక బండిలో డ్రైవరో క్లీనరో రేకు డబ్బాలో బొగ్గులు రాజేసి, క్యాబిన్‌లో పెట్టుకుని, అద్దాలు పూర్తిగా ఎక్కించి పడుకుంటున్నాడు. ఇది ప్రాణాలు తీసే పని.

కిందటి సంక్రాంతి ముందు ఒక అన్‌లోడింగ్ యార్డులో జరిగింది చెబుతాను. తెల్లవారుజామున పక్క బండి డ్రైవరు తూలుకుంటూ దిగి, టైరు పట్టుకుని వాంతి చేసుకుంటున్నాడు. తల పగిలిపోతోందన్నాడు. నేను క్యాబిన్ ఎక్కి చూస్తే అద్దాల నిండా లోపలి చెమ్మ. నూనె డబ్బాను కోసి చేసిన కుంపటిలో బూడిద కింద నిప్పులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. పొగ లేదు, వాసన లేదు. సీటు వెనక బల్ల మీద క్లీనరు కుర్రవాడు ఎంత పిలిచినా పలకలేదు. ఇద్దరం పట్టి కిందికి దించాం. ఎవరిదో కారులో ఆసుపత్రికి తీసుకెళ్లి ఆక్సిజన్ పెట్టించాక తేరుకున్నాడు. డ్రైవరుకు ఆ వాంతి రాకపోతే ఇద్దరూ లేచేవారు కాదు.

పొగ ఆగితే నిప్పులు మంచివని మనవాళ్ల నమ్మకం. బయట కాల్చి పొగ పోయాకే లోపల పెట్టాం కదా అంటారు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగు ఉండదు, వాసన ఉండదు. నెత్తుటిలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మేలుకుని ఉన్నవాడికి తలనొప్పి, వికారం, కాళ్లలో నీరసం తెలుస్తాయి. నిద్రలో ఉన్నవాడికి ఏమీ తెలియదు. మూసిన క్యాబిన్‌లో గ్యాస్ పొయ్యి వెలిగించి పెట్టుకున్నా ఇదే ప్రమాదం.

తెలిసి కూడా ఎందుకు పెట్టుకుంటారంటే, డబ్బు. ఇంజిన్ ఆన్‌లో ఉంచితే క్యాబిన్ వేడిగానే ఉంటుంది. నిలబడి ఉన్నా పెద్ద బండి గంటకు దాదాపు రెండు లీటర్లు తాగుతుంది. ఏడు గంటల నిద్రకు 14 లీటర్లు. లీటరు 95 రూపాయల లెక్కన చూసినా 1,300 దాటుతుంది. జీతానికి నడిపే డ్రైవరైతే మైలేజీ తగ్గిందని యజమాని బత్తాలో కోస్తాడు. ధాబా వెనక బొగ్గులు అడిగితే ఊరికే ఇస్తారు. పోనీ ఇన్వర్టరు మీద కరెంటు హీటరు పెట్టుకుందామంటే, 1,000 వాట్ల హీటరు 24 వోల్టుల బ్యాటరీ నుంచి 40 ఆంపియర్లకు పైగా లాగుతుంది. అర్ధరాత్రికే బ్యాటరీ పడుకుంటుంది, పొద్దున బండి స్టార్ట్ కాదు.

నిప్పు లేకుండా తక్కువ ఖర్చుతో వెచ్చగా పడుకోవచ్చు. నేను పడుకుంటున్నాను. చలి కింది నుంచే ఎక్కువ లాగుతుంది. రెక్సిన్ కింద ఇనుము ఉంటుంది కాబట్టి పైన ఎన్ని దుప్పట్లు కప్పినా వెన్ను వణుకుతుంది. అందుకని అట్టపెట్టెలు విప్పి పరిచి, వాటి మీద ఖాళీ గోనె సంచులు మడిచి వేసి, ఆపైన గొంగడి వేస్తాను. నారాయణపేట వైపు కురుమలు దక్కనీ గొర్రెల ఉన్నితో నేసిన గొంగడి అది. ముతకగా గుచ్చుకుంటుంది, కానీ కాస్త తడిసినా వెచ్చదనం పోదు. బజారు దుప్పటి కంటే ఖరీదే. అయినా ఏళ్ల తరబడి వస్తుంది. ముందు అద్దానికి లోపలి నుంచి పాత టార్పాలిన్‌కు గోనె కుట్టి వేలాడదీస్తాను. రెండు వైపులా అద్దాలు వేలెడు కిందికి దించే ఉంచుతాను. లేకపోతే ఊపిరి తడి అంతా దుప్పట్లకే పడుతుంది, తడి దుప్పటి చలిని ఇంకా పెంచుతుంది. ధాబాలో స్టీలు సీసా నిండా వేడినీళ్లు పోయించుకుని తువ్వాలులో చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకుంటే మూడు గంటల సేపు చలి తెలియదు. మందు తాగితే వెచ్చగా ఉంటుందనే మాట నమ్మవద్దు. నెత్తురు చర్మం కిందికి చేరి వెచ్చగా అనిపిస్తుందే గానీ, ఒంట్లోని వేడి బయటికి పోతుంది.

మా మేనల్లుడు అమెరికాలో ఉంటాడు. చలికాలం సెలవుల్లో ఆర్వీ అనే ఇంటిబండి అద్దెకు తీసుకుని పిల్లలతో మంచులో తిరిగాడు. అందులో హీటరుకు కావలసిన గాలి బయటి నుంచే వస్తుందట, కాలిన పొగ గొట్టంలోంచి బయటికే పోతుందట, లోపలికి వచ్చేది వేడి ఒక్కటే. కార్బన్ మోనాక్సైడ్ అలారం కంపెనీలోనే బిగించి ఇస్తారు. అక్కడా ఖర్చు బాధ ఉంది. గ్యాసు ఆదా చేయడానికి కరెంటు ప్లగ్గు ఉన్న స్థలం చూసుకుని ఆపి, కరెంటు హీటరు వాడుకుంటారు. చలిదేశాల లారీల్లో ఇలాంటి చిన్న డీజిల్ హీటర్లు ఉంటాయి. గంటకు పావు లీటరు కూడా తాగవు. రాత్రంతా నడిచినా రెండు లీటర్ల లోపే.

మన దగ్గర ఎండ గురించి ఆలోచన జరిగింది. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. చాలా మంచి పని. ఉత్తరాదికి పోయే బండ్లకు డీజిల్ హీటరు గురించి, ప్రతి క్యాబిన్‌లో అలారం గురించి కూడా రవాణా శాఖ ఆలోచించాలి.

ఇది లారీవాళ్లకే సంబంధించిన విషయం కాదు. శ్రీశైలం పోయే దారిలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అడవిలోకి బండ్లను వదలరు. ఆలస్యంగా చేరిన కుటుంబాలు మన్ననూరు దగ్గర కార్లలో, వ్యాన్లలో పిల్లలతో పడుకుంటాయి. నల్లమల చలి తెలిసినవారికి ఆ రాత్రి ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. అక్కడ రెండు భాషల్లో ఒక హెచ్చరిక బోర్డు పెట్టాలి.

మా జిల్లా సిమెంటు కర్మాగారాలను, మిల్లుల యజమానులను ఒకటి అడుగుతున్నాను. లోడు కోసం మా బండ్లు మీ యార్డుల్లో రాత్రులకు రాత్రులు ఆగుతాయి. తలుపులున్న ఒక హాలు, వేడినీళ్లు, నాలుగు ప్లగ్గులు ఇవ్వండి. కొత్త గది కట్టనక్కరలేదు, సంక్రాంతి దాకా ఏదో ఒక షెడ్డుకు మూడు వైపులా టార్పాలిన్ పట్టాలు కట్టించినా సరే. దీని మీద ఎవరు పిలిచినా వచ్చి మాట్లాడతాను.

ఇట్లు
ఒక లారీ డ్రైవరు,
దామరచర్ల మండలం, నల్లగొండ జిల్లా