కోకోపీట్ సంగతి తర్వాత, ముందు ఫోనెత్తే మనిషిని చూపించండి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. మిద్దె తోట కిట్లు అమ్మే మీ కంపెనీకి నేను రాస్తున్న ఐదో ఉత్తరం ఇది. మొదటి నాలుగూ మీ ఆఫీసులో ఎవరైనా చదివారన్న భ్రమ నాకేం లేదు. నాలుగింటికీ ఒకటే జవాబు వచ్చింది, అదీ నేను పంపిన నిమిషం లోపే: "మీ అభిప్రాయం మాకు అమూల్యం". అమూల్యమైన వాటిని మా ఇంట్లో అయితే బీరువాలో పెట్టి తాళం వేస్తాం, మీరూ అదే చేసినట్టున్నారు.

నా గొడవ సరుకు గురించి కాదని ముందే చెబుతున్నా. సరుకన్నాక ఒకసారి బాగుంటుంది, ఒకసారి తేడా వస్తుంది. మా వీధికొచ్చే కూరల బండాయన దగ్గర పుచ్చు వంకాయలు వస్తే మర్నాడు చెబుతా, ఆయన "అయ్యో అట్లనా అమ్మా" అని ఇంకో నాలుగు వేస్తాడు, అయిపోయింది. ఆ "అయ్యో" అనే ముక్క కోసమే మూడు నెలలుగా మీ చుట్టూ తిరుగుతున్నాను.

జూన్‌లో, మృగశిర కార్తెకి విత్తనాలు పెట్టేద్దామని మీ పెద్ద మిద్దె తోట కిట్టు తెప్పించాను, 4,280 రూపాయలు పోసి. మొక్కలు పెంచే గ్రో బ్యాగులు ఇరవై, కోకోపీట్ దిమ్మలు, అంటే నొక్కిన కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు, విత్తనాలు, వేపనూనె సీసా. మా ఉప్పల్‌లో నర్సరీ వాళ్ళకి చెబితే అందులో సగం డబ్బుకి ఎర్రమట్టి, పశువుల ఎరువు మూడో అంతస్తు దాకా మోసి పోసి వెళ్ళేవాళ్ళు. మా ఆయన అదే అన్నారు. నేనే వినలేదు, ఎందుకంటే మీ పెట్టె మీద ఇంతింత అక్షరాలతో "ఏడాది పాటు మొక్కల డాక్టర్ ఉచితం" అని ఉంది.

ఆ డాక్టర్ గారి దర్శనం కథ చెబుతా వినండి.

నాటిన పది రోజులకే టమాటా, మిరప నారు ఆకుల అంచులు అగ్గిపుల్ల పెట్టి కాల్చినట్టు మాడటం మొదలైంది. ఫోన్ చేశాను. తెలుగు కోసం 2 నొక్కమంటే నొక్కాను, హిందీ అబ్బాయి వచ్చాడు. వచ్చీరాని హిందీలో ఆకు మాడిపోతోందని చెప్పుకుంటే, యాప్ తీసేసి మళ్ళీ వేసుకోమన్నాడు. ఆకు మాడటానికి, యాప్‌కి ఏం సంబంధం అంటే లైను కట్. రెండోసారి తెలుగమ్మాయే ఎత్తింది, ప్రాణం లేచొచ్చింది. "మేడమ్, ప్రొడక్టు సీరియల్ నంబర్ చెప్పండి" అంది. మిరప మొక్కకి సీరియల్ నంబర్ ఎక్కడ ఉంటుందమ్మా అని అడిగితే, "అది లేకుండా సిస్టమ్ ముందుకు పోదు మేడమ్" అంది. ఆ పిల్లని ఏమనను, ఎదురుగా స్క్రీన్ మీద ఉన్నది చదువుతోంది పాపం. ఆ స్క్రీన్ తయారుచేసిన వాళ్ళని అనాలి.

మూడోసారి వచ్చినాయన నీళ్ళు ఎక్కువయ్యాయి, తగ్గించమన్నాడు. తగ్గించాను. రెండు రోజుల తర్వాత ఇంకొకాయన నీళ్ళు తక్కువయ్యాయి, రెండు పూటలా పోయమన్నాడు. మీరూ మీరూ ఒక మాట అనుకుని చెప్పండయ్యా అంటే సూపర్‌వైజర్‌కి కలుపుతానన్నాడు. ఇరవై మూడు నిమిషాలు వేణుగానం. పెనం మీద అట్టు బొగ్గయింది. మధ్యమధ్యలో "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అని ఒకావిడ, ఆమె గొంతు ఇప్పుడు మా మనవడు కూడా అనుకరిస్తున్నాడు. సూపర్‌వైజర్ రాలేదు, మెసేజ్ వచ్చింది: "మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?"

ఆ సమస్య నిజంగా పరిష్కరించింది ఎవరో తెలుసా? పక్కింట్లో జనగామ నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న పెద్దాయన. బట్టలు ఆరేయడానికి పైకి వచ్చి, నా బ్యాగుల వైపు చూసి, ఒక బ్యాగు కింద నుంచి కారుతున్న గోధుమ రంగు నీళ్ళలో వేలు ముంచి, నాలుక మీద పెట్టుకుని తుపుక్కున ఊశాడు. "ఉప్పు బిడ్డా ఇది. పప్పుల పోసుకోవచ్చు" అన్నాడు. అంతే. ఆయనకి సీరియల్ నంబర్ అవసరం పడలేదు. కడగని కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుందట, నారు వేళ్ళు దాన్ని తట్టుకోలేవట. మిగిలిన దిమ్మల్ని తొట్టిలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ మంచినీళ్ళు పోసి, అట్లా మూడుసార్లు ఇద్దరం కలిసి కడిగాం. ఉత్త పొట్టులో మొక్కకి తినడానికి ఏమీ ఉండదని, ఎర్రమట్టి, చివికిన పేడ ఎరువు కూడా కలిపించాడు. నాలుగు వారాల్లో రెండో విడత నారు కళ్ళకద్దుకునేటట్టు లేచింది. "వాడే ముందు కడగండి" అన్న మూడు ముక్కలు మీ పెట్టె మీద వేయడానికి చోటు లేదా? ఐదు స్టార్ల బొమ్మకి మాత్రం అరచేయంత చోటుంది.

సరే అని ఊరుకున్నానా, ఆగస్టులో బెండ మొదలుపెట్టింది. ఆకు ఈనెలు పసుపు తాళ్ళలాగా, కాయలు పాలిపోయి. మళ్ళీ బుద్ధి లేక మీకే ఫోటో పంపాను. ఈసారి జవాబు భలే తొందరగా వచ్చింది, మీ స్పెషల్ స్ప్రే కొనమని, 349 రూపాయలు, పది రోజుల్లో మొక్క కోలుకుంటుందని. అది పల్లాకు తెగులు సార్. వైరస్. తెల్లదోమ మోసుకొస్తుంది. పట్టిన మొక్కని ఏ మందూ బాగుచేయదు, పీకి దూరంగా పారేయాలి, మిగతా వాటికి అంటకుండా పసుపు రంగు జిగురు అట్టలు కట్టి, లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా కొట్టి దోమని తగ్గించుకోవాలి. ఇదంతా బెండ వేసే ఏ రైతుని అడిగినా చెబుతాడు. మీ డాక్టర్‌కి తెలియదా, తెలిసీ సీసా అమ్ముతున్నాడా? రెండోదే అయితే దాన్ని ఏమంటారో నేను రాయను, మీకే తెలుసు.

బీర సంగతి కూడా చెప్పి ముగిస్తా. పిందెలు పసుపెక్కి రాలిపోతుంటే "అది సహజం మేడమ్" అన్నారు. సహజమేమీ కాదు, పువ్వు విచ్చే వేళకి పుప్పొడి మోసే పురుగులు మూడో అంతస్తుకి సరిగ్గా రావడం లేదంతే. బీర పువ్వు విచ్చేది సాయంత్రం. దీపాలు పెట్టే వేళ పైకెళ్ళి, మగపువ్వు తెంపి, వెనక చిన్న పిందె ఉన్న ఆడపువ్వుకి మెల్లగా రాస్తున్నా. నిన్న పప్పులో వేసుకున్న బీరకాయ అట్లా కాసిందే.

అసలు ఇవన్నీ మీకు నేను చెప్పడం ఏమిటి? డాక్టర్ ఫీజు నాకే ఇవ్వాలి మీరు.

మూడేళ్ళుగా మీ దగ్గరే విత్తనాలు కొంటున్నాను. మా చెల్లెలితో కొనిపించాను, మా వీధిలో ముగ్గురితో కొనిపించాను, దసరాకి వియ్యపురాలికి మీ కుండీల సెట్టే పెట్టాను. వాళ్ళంతా ఇప్పుడు "ఏం వదినా, నీ కంపెనీ ఏమంది" అని నవ్వుతుంటే తల కొట్టేసినట్టు ఉంటోంది. డబ్బు పోతే పోయింది, ఆ నవ్వు మాత్రం మింగుడు పడటం లేదు.

ఇప్పుడు నాకేం కావాలంటే... 4,280 వెనక్కి ఇస్తే తీసుకుంటా, వద్దనను. కానీ అది ఇచ్చి చేతులు దులుపుకుంటే ఒప్పుకోను. మీలో ఒక మనిషి, పేరున్న మనిషి, ఫోన్ చేసి తప్పయిందని చెప్పాలి. ఆ పెట్టె మీద "మొక్కల డాక్టర్" అన్న మాట చెరిపేయాలి, లేదంటే మొక్కని చూసిన మనిషిని ఒకణ్ణి కూర్చోబెట్టాలి. పది రోజులు చూస్తా. తర్వాత 1915కి చేస్తా, ఆ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో మీకంటే తొందరగా ఎత్తుతారని విన్నాను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీ హెడ్డాఫీసు ఎక్కడున్నా కేసు నేను ఉండే చోటే వేయొచ్చట, ఐదు లక్షల లోపు కొన్న సరుకుకి ఫీజు కూడా లేదట. మా అల్లుడు వకీలు కాదు గానీ వకీళ్ళని విసిగించడంలో దిట్ట. ఇక మా మిద్దె తోటల వాట్సాప్ గ్రూపులో నేను ఏం రాస్తానో నాకే తెలియదు.

ఫోన్ చేసేటట్టయితే పదకొండు దాటాక చేయండి. పొద్దున నేను మేడ మీద ఉంటాను, ఫోన్ కింద వంటింట్లో ఉంటుంది.

ఇట్లు,
మీ రికార్డుల్లో "క్లోజ్" అయిన ఐదు ఫిర్యాదు టికెట్ల మనిషి,
ఉప్పల్, హైదరాబాద్