తిల్ల పాలు, ఆ అక్క మంచినీళ్ల డబ్బా

మావారి కంటి కట్టు ఈ ఉదయం విప్పారు. కిటికీ అవతల కరెంటు తీగ మీద పిట్టని చూసి "పికిలిపిట్ట" అన్నారాయన. డాక్టరుగారు నవ్వారు. నేను వరండాలోకి వచ్చి కూర్చుని ఏడ్చేశాను. సరైన నిద్ర లేక ఒళ్లు తూలిపోతోంది, అయినా ఇప్పుడే రాసేస్తాను. పడుకుని లేచాక రాస్తే మరీ మర్యాదగా తయారవుతుంది.

సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఆదివారం మా నడక గుంపు గౌతమి పాయ వెంట ఏటిగట్టు పట్టుకుని, తాళ్ళరేవు దాటాక మడ అడవి అంచుదాకా వెళ్లింది. ట్రెక్కింగ్ అనగానే అందరూ మారేడుమిల్లి, పాపికొండలు అంటారు. డెల్టాలో పుట్టినవాళ్లకి గట్టే ట్రెక్కింగ్. ఓ పక్క కొబ్బరి తోటలు, చేపల చెరువులు, ఇంకో పక్క ఏరు. సముద్రం దగ్గరపడేకొద్దీ కొబ్బరి పలచబడి మడ మొదలవుతుంది. నల్లమడ, తెల్లమడ, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన శ్వాసవేళ్లు. పిల్లలకి బావురుపిల్లిని చూడాలని ఆశ. అది రాత్రిపూట తిరిగే జంతువురా అంటే వినరు కదా. అడుగుజాడలేవో చూపించి నీటికుక్కవి అన్నారు మా గుంపులో ఒకాయన. మేమూ సరే అన్నాం.

పీతలు పట్టేవాళ్లు నడిచే సన్నటి దారి అది. అడ్డొచ్చిన కొమ్మని మావారు చేత్తో పక్కకి తోశారు. అది పుటుక్కున విరిగింది. తిల్ల చెట్టు. రాలే ముందు దాని ఆకులు ఎర్రబడతాయి, చూడముచ్చటగా ఉంటుంది. విరిస్తే మాత్రం తెల్లటి పాలు కారతాయి. జెముడు పాలు కంట్లో పడితే ఏమవుతుందో పల్లెల్లో పెరిగినవాళ్లకి తెలుసు కదా, ఇదీ ఆ జాతిదే. ఆ పాలు చింది ఆయన కుడికంట్లో పడ్డాయి. మొహం పట్టుకుని బురదలో కూలబడిపోయారు. ఆయన అరవగా నేను ఎప్పుడూ వినలేదు.

మా సీసాల్లో నీళ్లు అప్పటికే అడుగంటాయి. పక్కనే కాలవ నిండా నీళ్లున్నాయి గానీ అవి ఉప్పునీళ్లు, పైగా బురద. ఫోనులో ఒకరు చనుబాలు పిండమంటారు, ఒకరు ఆముదం చుక్క వెయ్యమంటారు. నాకు చేతులూ కాళ్లూ ఆడలేదు.

అప్పుడు వినిపించింది కాలవలోంచి ఒక గొంతు. "నలపకండి బాబూ! నలపకండి!" మండపీతలకి వచ్చిన ఆవిడ, చిన్న పడవ. ఒడ్డుకి తోసుకొచ్చి, మోకాళ్లలోతు బురదలో దిగి, నూనె డబ్బా ఒకటి చంకలో పెట్టుకుని వచ్చింది. అందులో మంచినీళ్లు. ముందు తన చేతులు కడుక్కుంది, అంత కంగారులోనూ. ఆయన తల తన తొడ మీద పక్కకి వాల్చి, బొటనవేలితో పైరెప్ప ఎత్తి పట్టుకుంది. ఆ బొటనవేలి మీద పీత కొరికిన పాత మచ్చ, గోరు సగమే ఉంది. ముక్కు పక్కనుంచి చెవి వైపుకి, సన్నటి ధారగా పోస్తూనే ఉంది. "కన్ను మూస్తే పాలు లోపలే ఉండిపోతాయి బాబూ, తెరవండి, అంతే, అంతే, అయిపోయింది" అంటూ పసిబిడ్డకి చెప్పినట్టు చెబుతూనే ఉంది. ఆముదం మాట ఎత్తిన మావాణ్ణి ఒక్క కసురు కసిరింది.

డబ్బా ఖాళీ అయ్యేదాకా పోసింది. ఆఖరి చుక్కలు కొంగు మీద వొంపి, ఆయన చెంపా మెడా తుడిచింది, చర్మం మీద పడినా బొబ్బలెక్కుతుందట. అప్పుడు తట్టింది నాకు, అవి ఆవిడ ఆ రోజంతా తాగాల్సిన నీళ్లని. ఆ చుట్టుపక్కల బోరు వేస్తే ఉప్పునీళ్లే, తాగే నీళ్లు కొనుక్కోవాలి. పోటు వచ్చేదాకా ఎండలో ఉండాల్సిన మనిషి. "మరి మీకో అక్కా?" అంటే, "పక్క పడవోళ్లు ఉన్నార్లే అమ్మా, ముందు బాబుని తీస్కెళ్లు" అంది. డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ మాటకీ ఆ చేతికీ నేను ఇంకా తేరుకోలేదు.

పేరు చెప్పింది గానీ ఎక్కడా పెట్టొద్దంది. వేటకెళ్లి ముచ్చట్లు పెట్టానని ఇంట్లో తిడతారట. సరే అక్కా, పెట్టను.

ఇక ఆస్పత్రి. ఏ ఆస్పత్రో చెప్పను, చెప్పి ప్రయోజనం లేదు. కన్ను తెరవలేని మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి నేను ఓపీ చీటీ లైనులో నిలబడ్డాను. ఆధార్ నంబరు ఇచ్చాను. ఓటీపీ వస్తేనే చీటీ అన్నారు. ఓటీపీ వచ్చే ఫోను ఆయన జేబులో బురద తాగి చచ్చిపోయి ఉంది. ఇదంతా చెబితే "సిస్టమ్ తీసుకోదమ్మా" అన్నారు. తీరా చీటీ వచ్చాక, కళ్ల డాక్టరు ఈ రోజు రారని తెలిసింది. ఆ మాట ముందే చెప్పొచ్చు కదా! ఇంకోటి, మడ అడవిలోకి జనం వెళ్లే దారుల్లో ప్లాస్టిక్ వద్దు, చెత్త వద్దు అని బోర్డులు పెడతారు. తిల్ల చెట్టు బొమ్మ ఒకటి గీసి, దీని పాలు కంట్లో పడితే మంచినీళ్లతో చాలాసేపు కడగండి, నలపకండి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి అని రాయడానికి ఎంత రంగు ఖర్చవుతుంది?

చివరికి కాకినాడలో ఒక ప్రైవేటు కళ్ల డాక్టరుగారు భోజనం మధ్యలో లేచొచ్చి చూశారు. నల్లగుడ్డు మీది పొర కొంత దెబ్బతింది, మళ్లీ వస్తుందన్నారు. "ఎవరు కడిగారు? బాగా కడిగారు" అని అడిగారు. ఎవరని చెప్పను?

అత్తయ్య, మా తమ్ముడు, ఆడపడుచు పిల్లల్ని చూసుకున్నారు, క్యారేజీలు పంపారు. వాళ్లకి థాంక్స్ చెబితే తిడతారు, కాబట్టి చెప్పను.

థాంక్స్ చెప్పాల్సింది వీళ్లకి. ఆటో అబ్బాయికి, గట్టు మీద గుంతలన్నీ తప్పించుకుంటూ 216 హైవే దాకా తెచ్చాడు, బురదకి సీటు పాడైందని ఒక్క మాట అనలేదు. తన ఫోను నంబరు ఇచ్చి ఓటీపీ తెప్పించిన ఆ లైనులోని బాబాయిగారు, మీ వంతు పోయింది నా వల్ల. మందుల షాపులో చిల్లర వదిలేసినాయనకి. కట్టు మార్చేటప్పుడల్లా ముందు నాకు టీ ఇప్పించిన నర్సమ్మకి.

అన్నట్టు, గట్టు మొదట్లో టీకొట్టు నడిపే మామ్మగారు మా గుంపు బళ్లన్నీ చీకటిపడేదాకా కాపలా కాశారు, హెల్మెట్లతో సహా. మామ్మగారూ, మీకు టీ డబ్బులు కూడా బాకీ. ఈ వారంలో వచ్చి ఇస్తాను, అక్కకి కొత్త డబ్బా మీ కొట్లోనే పెట్టి వెళతాను, అటు వచ్చినప్పుడు ఇవ్వండి.