నట్టల మందుకు తూకమే కొలత

సంపాదకునికి,

చిత్తూరు జిల్లా పలమనేరు ప్రాంతంలో తొలకరి పడగానే కాపరులు మందకంతటికీ ఒకే మూత కొలతతో నట్టల (కడుపులోని పురుగుల) మందు పోస్తుంటారు. నిరుడు మేమూ అలాగే ఒక పొట్టేలు తల పైకెత్తి పోయగా, మందు ఊపిరితిత్తుల్లోకి దిగి, నాలుగు రోజులు దగ్గి దగ్గి అది చనిపోయింది. మూతిని నేలకు సమాంతరంగా ఉంచి, దవడ పక్కనుంచి మెల్లగా పోయాలన్న సంగతి ఆ తర్వాతే తెలిసింది. బరువుకు తగ్గ మోతాదు పడకపోతే నట్టలు క్రమంగా మందుకు లొంగకుండా పోతాయి. గొర్రెకు చాలిన మోతాదు మేకకు తరచూ చాలదు. ఆల్బెండజోల్ అనే నట్టల మందును చూడి కట్టిన తొలి నెలలో ఇస్తే పిల్లలు అవకరంతో పుట్టే ప్రమాదముంది. కనుక పశువైద్యశాలల్లో జీవాలను తూచే కాటాతోపాటు, మోతాదులను, మందు వేశాక మాంసం కోసం కోయడానికి ఆగవలసిన రోజులను తెలుగులో తెలిపే పట్టికను ఏర్పాటు చేయాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక గొర్రెల పెంపకందారు, పలమనేరు