దారపు ఉండల మీంచి ‘ఎకో ఫ్రెండ్లీ’ స్టిక్కర్ తీసేశాం

హైదరాబాద్‌లో అల్లే దారం ఏదైనా ఊలే. అక్రిలిక్‌నీ ఊలే అంటాం, కాటన్‌నీ ఊలే అంటాం. చిక్కంతా అక్కడే. అందుకే ఈ నెల నుంచి మా కొట్లో ‘ఎకో ఫ్రెండ్లీ’ స్టిక్కర్ తీసేసి, దారపు ఉండల మీద మూడు సంగతులే రాస్తున్నాం: ఏ పీచు, ఎంత శాతం, పైన పూత ఉందా లేదా.

అక్రిలిక్ పెట్రోలియం నుంచి వచ్చేది. మట్టిలోని సూక్ష్మజీవులకు అది తిండి కాదు. 6 కిలోల అక్రిలిక్ బట్టలు ఒకసారి మెషీన్‌లో ఉతికితే 7 లక్షలకు పైగా పీచు ముక్కలు ఊడిరావచ్చని బ్రిటన్‌లోని ప్లిమత్ యూనివర్సిటీ 2016లో అంచనా కట్టింది. అయినా అమ్ముతాం. గొర్రె ఊలు గుచ్చుకునేవాళ్లకీ, ధర చూసుకునేవాళ్లకీ అదే దిక్కు. చన్నీళ్లలో, మెల్లగా, మాసినప్పుడే ఉతకండి.

అందరూ అడిగే మిల్క్ కాటన్ సంగతి ఇంకో తీరు. పేరులో పాలున్నాయి, పత్తి ఉంది; దారంలో చాలాసార్లు అక్రిలిక్ కూడా ఉంటుంది. సరఫరాదారు శాతాలు రాసి ఇచ్చేదాకా దాన్ని ‘మిశ్రమం’ అనే అమ్ముతాం. మీరే చూసుకోవచ్చు. ఐదు సెంటీమీటర్ల ముక్కను పట్టకారుతో పట్టుకుని, కింద నీళ్లున్న స్టీలు పళ్లెం పెట్టి, కిటికీ దగ్గర వెలిగించండి. కాటన్ కాగితం వాసనతో కాలి మెత్తటి బూడిదవుతుంది. ఊలు జుట్టు కాలిన కంపు కొడుతుంది, మంట తీయగానే దాదాపు ఆరిపోతుంది, మసి వేళ్ల మధ్య నలుగుతుంది. అక్రిలిక్ నల్లటి పొగతో కరిగి గట్టి పూస కడుతుంది. బూడిదలో పూస తగిలిందా, మిశ్రమమే.

అసలు ఊలైనా పూర్తిగా నమ్మలేం. మెషీన్‌లో ఉతకొచ్చని చెప్పే సూపర్‌వాష్ ఊలులో ఎక్కువ భాగానికి క్లోరిన్‌తో పీచు మీది పొలుసులు తగ్గించి, పైన పలుచని ప్లాస్టిక్ పూత వేస్తారు. లోపలిది కెరటిన్ (జుట్టులో ఉండే ప్రోటీనే) కాబట్టి మట్టిలో కుళ్లుతుంది, కానీ క్లోరిన్ కలిసిన వ్యర్థజలం మిల్లు దగ్గరే మిగులుతుంది. వెదురు దారమూ అంతే. చాలావరకు అది విస్కోస్, అంటే గుజ్జును రసాయనాలతో కరిగించి తీసిన దారం. మట్టిలో కలుస్తుంది, తయారీలో కార్బన్ డైసల్ఫైడ్ వాడతారు, ఆ విషం పనివాళ్లకే. పూత లేని ఊలు కావాలంటే మన గొంగడి ఊలు ఉంది. ముతక, ఒంటికి గుచ్చుతుంది. స్వెటర్‌కి వద్దు, సంచులకీ చాపలకీ భేషుగ్గా ఉంటుంది.

ఏ దారం మట్టిలో కలుస్తుందో పరీక్షించాలనుకునేవాళ్లు పది సెంటీమీటర్ల చదరపు ముక్కలు అల్లి కుండీలో జానెడు లోతున పాతండి. తేమ ఆరనివ్వొద్దు, ఎండాకాలంలో మట్టి ఎండితే పని ఆగిపోతుంది, వానాకాలమే మంచిది. మూడు నెలలకు కాటన్ చేత్తో చిరుగుతుంది, అక్రిలిక్ కడిగితే కొత్తదే. ఊలుకు ఇంకా టైం పడుతుంది. ఊలు ముక్కల్ని కంపోస్టులో వేస్తే రెండు సెంటీమీటర్లకు కత్తిరించి, రాత్రంతా నానబెట్టి, పలచగా చల్లండి. ముద్దగా వేస్తే లోపలికి నీరు ఇంకదు, ఏడాదికైనా అలాగే ఉంటుంది. అంచులు పాలియెస్టర్ దారంతో కుట్టి ఉంటే ముందే విప్పేయండి, ఆ దారం ఎప్పటికీ మిగులుతుంది.

అక్రిలిక్ ముక్కల్ని మాత్రం చెత్తతో కలిపి కాల్చకండి. ఆ పొగలో హైడ్రోజన్ సయనైడ్ ఉంటుంది. బొమ్మల్లో, దిండుల్లో కుక్కుకోండి.

పాత స్టిక్కర్‌తో మా దగ్గర కొన్న మిల్క్ కాటన్ ఉండలు విప్పకుండా ఉంటే తీసుకురండి, కాటన్‌తో మార్చి ఇస్తాం. ధర తేడా అడగం.