కొత్త వీసీ గారికి బహిరంగ లేఖ

వీసీ గారూ, నమస్కారం.

మీరు చేరిన మూడు వారాల్లో నాలుగు సందేశాలొచ్చాయి. నాలుగింట్లోనూ ‘ప్రపంచ స్థాయి’ ఉంది, ‘విజన్’ ఉంది. మా హాస్టల్ మూడో అంతస్తులో నీళ్లే లేవు. పొద్దున ఐదింటికే కింద కుళాయి దగ్గర బకెట్లతో లైను కడుతున్నాం. మీ నాలుగో సందేశం ఆ లైన్లో నిలబడే చదివాను.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వీసీ అయిన కట్టమంచి రామలింగారెడ్డి గారు 1930లో బ్రిటిష్ ప్రభుత్వ అణచివేతకు నిరసనగా రాజీనామా చేశారు. క్యాంపస్‌కి అంతకంటే పెద్ద సందేశం ఏముంటుంది? మిమ్మల్ని రాజీనామా చేయమనట్లేదు లెండి! ఐదో సందేశం మాత్రం తెలుగులో, రెండే ముక్కల్లో రాయండి: ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని మా సర్టిఫికెట్లు ఆపరని, పైకి నీళ్లు ఏ తారీఖున ఎక్కుతాయో.

ఇట్లు,
మూడో అంతస్తు విద్యార్థి