కొండగుర్తులు పిల్లల్నే కట్టుకోనివ్వండి

అమ్మానాన్నలకు నమస్కారం.

దసరా సెలవులు దగ్గరికొచ్చాయి. మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో మీలో చాలామంది నాతో అన్నది దాదాపు ఒకటే: "రాత్రి మొత్తం అప్పజెప్పిండు మేడం, పొద్దున పరీక్షల యాదికి రాలేదంట." అందుకే ఈసారి లేఖ జ్ఞాపకం గురించే.

మా సోషల్ క్లాసులో జరిగింది చెప్తాను. డిండి, మూసీ, పాలేరు, మున్నేరు, ఈ వరుసలోనే పైనుంచి కిందికి కృష్ణలో కలుస్తాయి. పిల్లలకు పేర్లు వచ్చు, వరుస తారుమారవుతుంది. ఒక పాప లేచి "డిబ్బాల మూలకు పాము" అంది. డి, మూ, పా, ము. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత ఆ వరుస ఎవరూ తప్పు చెప్పలేదు. డబ్బాలో పాము అనగానే కళ్ల ముందు ఒక బొమ్మ కదులుతుంది. వట్టి పేర్లకు ఆ పట్టు ఉండదు. పైగా అది వాళ్లలో ఒకరు కట్టింది. గైడ్లలో అచ్చేసిన కొండగుర్తుల్లో ఆ సొంతదనం ఉండదు. అందుకే అవి కొనిచ్చే బదులు "నువ్వే ఒకటి కట్టు" అని పిల్లల్ని అడగండి. వాళ్లు కట్టింది మనకు పిచ్చిగా అనిపించినా దిద్దొద్దు.

అయితే మేం అక్కడితో ఆగలేదు. మ్యాప్ తీసి, వికారాబాద్ అనంతగిరి కొండల్లో మొదలైన మూసీ హైదరాబాద్ మీదుగా వచ్చి మన జిల్లాలోని వాడపల్లి దగ్గర కృష్ణలో ఎలా కలుస్తుందో వేలుతో గీయించాం. వాడపల్లి గుడికి వెళ్లొచ్చిన పిల్లలు మిగతావాళ్లకు ఆ సంగమం గురించి చెప్పారు. సెలవుల్లో వీలైతే మీరూ తీసుకెళ్లండి.

తెలుగు ఛందస్సులో "యమాతారాజభానసలగం" మీలో పదో తరగతి చదివిన వాళ్లకు గుర్తుండే ఉంటుంది. య గణం కావాలంటే య దగ్గర మొదలుపెట్టి మూడక్షరాలు: యమాతా, అంటే లఘువు, గురువు, గురువు. ఎంత చక్కటి ఏర్పాటో! కానీ లఘువేదో గురువేదో గుర్తుపట్టలేని పిల్లవాడికి దీంతో పద్యానికి గణవిభజన చేయడం రాదు. ముందు విషయం అర్థం కావాలి, కొండగుర్తు ఆ తర్వాత. ఆకుకు వెలుతురు ఎందుకు అవసరమో పిల్లలు సొంత మాటల్లో చెప్పగలగాలి, దానికి కొండగుర్తు వెతకొద్దు. పేర్లు, వరుసలు, ఎక్కాలు, తేదీలు, వీటి వరకే చాలు.

పాట కూడా కొండగుర్తే. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ మన నానమ్మలు పుస్తకం లేకుండా ఎన్ని చరణాలు పాడతారో ఈ పండుగలో పిల్లలకు చూపించండి. చప్పట్ల దరువు, ప్రతి పాదం చివర "ఉయ్యాలో" అనే పల్లవి, తర్వాతి మాటను అవే అందిస్తుంటాయి. ఏడో ఎక్కం రాని పిల్లలతో దాన్ని ఆ దరువులో పాడించి చూడండి.

ఇక రాత్రి వచ్చింది పొద్దున ఎందుకు పోతుంది? 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు కాలేజీ విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. కొందరు దాన్ని మళ్లీ మళ్లీ చదివారు. మరికొందరు ఒకసారి చదివి, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే ఎక్కువ జ్ఞాపకం ఉంది. చదివిన వెంటనే అప్పజెప్పించుకుంటే మనకు కనిపించేది ఆ ఐదు నిమిషాల ఫలితమే. కాబట్టి పుస్తకం మూయించి, అన్నం తిన్నాక అడగండి. మర్నాడు బడికి తయారవుతుంటే ఒకసారి, నాలుగు రోజులాగి మళ్లీ ఒకసారి. మీకు చదువు రాకపోయినా ఫర్వాలేదు, "ఇయ్యాల ఏం నేర్చుకున్నవ్, నాకు చెప్పు" అంటే చాలు. తడబడితే తిట్టకండి, టెన్షన్‌లో వచ్చింది కూడా పోతుంది. కాసేపు ఆగండి. ఆ వెతుకులాటలోనే పాఠం గట్టిపడుతుంది.

ఒక చిన్న కోరిక. నెలల్లో 31 రోజులు వేటికో పిడికిలి కణుపుల మీద లెక్కపెట్టడం లాంటివి ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. మీ పెద్దవాళ్లను అడిగి, తెలుగైనా ఉర్దూ అయినా లంబాడీ అయినా సరే, పిల్లల డైరీలో రాయించి పంపండి. బడి తెరిచాక వరండాలో ఒక గోడంతా వాటికే ఇస్తాం, కింద మీ పిల్లల పేర్లతో.

పండుగ శుభాకాంక్షలతో,
ప్రధానోపాధ్యాయురాలు
నల్లగొండ